మన బడి కప్పు మీదికి ఎవరెక్కారు?

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నయ్యా, మాస్టార్ల గురించో, ఆటల పోటీల గురించో నాలుగు జ్ఞాపకాలు రాయండి" అన్నాడు. జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్లుగా సిమెంటు, ఇసుక, ఇనుము మధ్య బతికినవాణ్ణి. నాకు తెలిసిందల్లా కట్టడాలే. అందుకని మన బడి కట్టడం గురించే రాస్తున్నాను. బడి కట్టడాలు పిల్లలకు క్షేమంగా, ఆరోగ్యంగా ఉండాలని మన దేశంలో ఎప్పుడెప్పుడు ఏ నియమాలు వచ్చాయో, అవి మన బడి గుమ్మం దాకా ఎంతవరకు వచ్చాయో కూడా రాస్తాను. చివర్లో మీ అందరినీ ఒకటి అడగబోతున్నాను. దయచేసి అక్కడిదాకా చదవండి.

పాత హాలు

మన పాత హాలు జిల్లా బోర్డు కాలం నాటిది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక జిల్లా బోర్డు హైస్కూళ్లన్నీ జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. మనదీ అలాగే మారింది. బోర్డు మారింది కానీ హాలు మారలేదు. మూరెడు మందం గోడలు, గానుగ సున్నం, మద్రాసు టెర్రస్ కప్పు. మద్రాసు టెర్రస్ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో అతుకుతారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర వేసి, రోజుల తరబడి దిమ్మిసలతో కొడతారు. పైన పలక పెంకులు పరుస్తారు. ఎండాకాలం ఆ హాల్లో కూర్చుంటే చల్లగా ఎందుకుండేదో ఇంజనీరింగ్ చదివాక అర్థమైంది. ఆ మందం, ఆ ఎత్తు, ఎదురెదురు కిటికీలు, పైన గాలి పోయే చిన్న కంతలు. పిల్లల ఆరోగ్యం అనే మాట ఏ జీవోలోనూ లేకపోయినా, ఆ హాలు కట్టిన మేస్త్రీకి తెలుసు.

1977 నవంబరు 19 నాటికి నేను రెండో తరగతి. దివిసీమలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఉప్పెన మన ఊరి దాకా రాలేదు. గాలి మాత్రం వచ్చింది. తాటాకు ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు. మా నాన్న నన్ను భుజాన వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని ఈ హాల్లోకి తీసుకొచ్చాడు. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. రాత్రంతా తలుపులకు బల్లలు అడ్డం పెట్టి, మగవాళ్లు వీపులు ఆనించి నిలబడ్డారు. తెల్లారేసరికి రెండు కిటికీ రెక్కలు పోయాయి. కప్పు కదల్లేదు. ఆ తర్వాత కోస్తాలో స్తంభాల మీద ఎత్తుగా తుఫాను షెల్టర్లు కట్టి, మామూలు రోజుల్లో వాటిలో బళ్లు నడిపారు. మన ఊరికి అలాంటిది రాలేదు. మన షెల్టరు మన బడే.

ఆ హాలు అంత గట్టిగా ఉండటానికి కారణం కట్టినవాళ్లు మాత్రమే కాదు. మన అటెండరు తాత మీకు గుర్తుండే ఉంటాడు. గంట కొట్టే తాత అంటే అందరికీ తెలుసు. ఆయన చేసే ఇంకో పని ఎవరూ గమనించలేదు. ఏటా మృగశిర కార్తెకు ముందు, బడి తెరవక ముందే, వెదురు నిచ్చెన వేసుకుని హాలు పైకెక్కేవాడు. ఎండుటాకులు ఊడ్చి, తూముల్లో మట్టి తీసి, పిట్టగోడ సందుల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా పీకి, ఆ కన్నంలో సున్నం కూరేవాడు. పెంకు కదిలినచోట అతికేవాడు. కిందికి దిగి హెడ్మాస్టరు గారికి "ఈ ఏడు పడమటి తూము దగ్గర చూడాలండీ" అని చెప్పేవాడు. ఆ మాట తనిఖీ నివేదిక అని ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు.

స్లాబు బ్లాకు

1960ల చివర్లో హాలు పక్కన నాలుగు గదుల స్లాబు బ్లాకు వచ్చింది. ఊరికి అదే మొదటి స్లాబు అని పెద్దలు చెప్పేవారు. "స్లాబుకేం, నూరేళ్లుంటుంది" అనే నమ్మకం ఎంత బలంగా ఉండేదంటే, దాని మీదికి మెట్లు కూడా పెట్టలేదు. అటెండరు తాత దాని మీదికి ఎక్కిన గుర్తు నాకు లేదు. ఎక్కాల్సిన అవసరం ఉందని ఎవరూ చెప్పలేదు.

1984 ఆగస్టులో నేను తొమ్మిదో తరగతి. డ్రిల్లు పీరియడులో మేమంతా బయట ఉండగా, లోపల పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే కప్పు నుంచి బల్ల పరుపంత పెచ్చు ఊడి మూడో బెంచీ మీద పడింది. తుప్పు పట్టిన కడ్డీలు పక్కటెముకల్లా కనిపించాయి. మూడో బెంచీ నాదీ, ఇప్పుడు అమెరికాలో ఉన్న నా స్నేహితుడిదీ. ఆ పూటంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. హెడ్మాస్టరు గారు గదికి తాళం వేయించి, మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. ఉత్తరాలు రాశారు. నిధులు లేవని జవాబొచ్చింది. సంక్రాంతికి ముందు ఎవరో వచ్చి ఊడినచోట సిమెంటు మెత్తి, వెల్ల వేసి వెళ్లారు. మళ్లీ అదే గది, అదే బెంచీ.

ఎందుకు ఊడిందో ఇప్పుడు చెప్పగలను. కాంక్రీటులో కడ్డీకి రక్షణ దాని చుట్టూ ఉన్న కాంక్రీటు పొరే. దాన్ని మేము కవరు అంటాం. స్లాబుకు 15 మిల్లీమీటర్ల కవరు చాలని ఐఎస్ 456 కోడు 1978 నాటి ప్రతి చెప్పేది. 2000లో సవరించినప్పుడు అదే కోడు కనీసం 20 అనీ, పరిసరాలను బట్టి 30 అనీ, సముద్రపు గాలి నేరుగా తగిలేచోట 45 అనీ మార్చింది. మనది తీరానికి దగ్గర. పైగా ఆ రోజుల్లో కాంక్రీటు కలపడానికి చౌటి బావి నీళ్లే వాడారని పెద్ద మేస్త్రీలు చెప్పగా విన్నాను. ఉప్పు ఇనుముకు శత్రువు. పైన నీరు నిలిచి, సన్నటి పగుళ్లలోంచి దిగి, కడ్డీని చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. లోపలి నుంచి కాంక్రీటును తోసేస్తుంది. ఇదంతా జరగడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఇరవై ఏళ్లలో ఎవరైనా ఏటా పైకెక్కి నీరు నిలవకుండా చూస్తే చాలావరకు ఆగుతుంది. ఊడినచోట మెత్తిన సిమెంటు తుప్పును ఆపదు. కంటికి కనిపించకుండా చేస్తుంది.

నియమాలు ఎలా వచ్చాయి

బడికి డబ్బివ్వడం, బడిని తనిఖీ చేయడం రెండూ కలిసి ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ గ్రాంటు పద్ధతి పెట్టినప్పుడే, గ్రాంటు తీసుకునే బడి ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలంది. స్వాతంత్ర్యం వచ్చాక ముందున్న సమస్య వేరు. బళ్లే లేవు. పాకల్లో, చావిళ్లలో, గుళ్ల మండపాల్లో చదువులు సాగాయి. ముందు గది కావాలి, క్షేమం సంగతి తర్వాత అనుకున్నారు. తప్పు పట్టలేం.

ఆ గది ఎలా ఉండాలో రాసిన కాగితాలు మాత్రం మెల్లగా వచ్చాయి. 1970లో మొదటి జాతీయ భవన నిర్మాణ నియమావళి వచ్చింది. 1978లో బడి కట్టడాల కనీస అవసరాలపై ఐఎస్ 8827 అనే ప్రమాణం వచ్చింది. భూకంపాన్ని తట్టుకునేలా గోడల చుట్టూ కాంక్రీటు పట్టీలు వేయాలని చెప్పే ఐఎస్ 4326 అంతకు ముందే, 1967లో వచ్చింది. అయితే ఇవన్నీ ఇంజనీర్ల బీరువాల్లో ఉండే పుస్తకాలు. బడి కమిటీకి గానీ, హెడ్మాస్టరుకు గానీ వాటి పేర్లు కూడా తెలియవు.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలాల్లో పనికొచ్చే రెండు గదులు, ముందు వెడల్పాటి వరండా, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంది. 1980ల్లోనే బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద గదులు కట్టారు. 1990ల్లో డీపీఈపీ, 2000 తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లలో కట్టించినవన్నీ ఇలాంటి గదులే. మార్చి నెలాఖరుకు నిధులు ఖర్చవ్వాలి. క్యూరింగుకు నీళ్లు దొరకని ఏప్రిల్‌లో స్లాబులు వేసేవాళ్లం. ఆ తొందరలో నేనూ ఉన్నాను.

వీటన్నిటిలో ఒకటి గమనించండి. ప్రతి పథకమూ కట్టమని చెప్పింది. కట్టాక ఏటా పైకెక్కి చూసేదెవరో చెప్పలేదు. సర్వశిక్షా అభియాన్‌లో నిర్వహణ గ్రాంటు పెట్టారు, నిజమే. మూడు గదుల వరకు ఉన్న బడికి ఏడాదికి గరిష్ఠంగా 5,000 రూపాయలు, అంతకు మించితే 10,000. కట్టడం విలువలో ఏటా ఒకటి, రెండు శాతం నిర్వహణకు పెట్టాలన్నది మా వృత్తిలో వాడుక లెక్క. ఈ డబ్బు వెల్లకే సరిపోయేది. వెల్ల అందరికీ కనబడుతుంది కాబట్టి వెల్లే వేసేవారు.

ఇక్కడ ఒక పరదేశపు సంగతి చెప్పాలి. 1933 మార్చి 10 సాయంత్రం అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాంగ్ బీచ్ దగ్గర భూకంపం వచ్చింది. డెబ్బై బళ్లు నేలమట్టమయ్యాయి. అప్పటికే బళ్లు వదిలేశారు కాబట్టి పిల్లలు బతికారు. నెల తిరగకుండా, ఏప్రిల్ 10న, ఫీల్డ్ యాక్ట్ అనే చట్టం చేశారు. బడి ప్లానును రాష్ట్ర ప్రభుత్వపు ఇంజనీర్లు పరిశీలించాలి. కడుతున్నంత కాలం కాంట్రాక్టరుకు సంబంధం లేని తనిఖీదారు అక్కడే ఉండాలి. చివర్లో అందరూ ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలి. ఆ చట్టం కింద కట్టిన బడి భూకంపానికి కూలిందన్న దాఖలా ఈనాటి వరకు లేదు. అక్కడి కాంక్రీటు మన కాంక్రీటు కంటే గొప్పదేమీ కాదు. ఎవరు చూడాలి, ఎవరి పేరు మీద ఉండాలి అన్నది రాసి పెట్టుకున్నారు, అంతే.

మన దగ్గర 2001 జనవరి 26 ఉదయం గుజరాత్ భూకంపం వచ్చింది. గణతంత్ర దినం. చాలా బళ్లలో పిల్లలు జెండా వందనానికి వచ్చి ఉన్నారు. కచ్ జిల్లా అంజార్‌లో ఊరేగింపుగా వెళ్తున్న పిల్లల మీద ఇరుకు సందులో ఇళ్లు కూలాయి. ఆ రాష్ట్రంలో 971 మంది విద్యార్థులు, 31 మంది ఉపాధ్యాయులు చనిపోయారని లెక్క తేలింది. మామూలు పనిదినం అయ్యుంటే ఎంతమందో ఊహించడానికే మనసు రాదు.

నా సంతకం

ఇప్పుడు రాయబోయేది ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం, ప్రైవేటు బడికి గుర్తింపు కావాలంటే కట్టడం దృఢంగా ఉందని ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం జత చేయాలి. మంచి నియమం. 2002లో ఒక పట్టణంలో ఒక బడివాళ్లు ఆ కాగితం కోసం నా దగ్గరికి వచ్చారు. రెండంతస్తుల కట్టడం. తెలిసినవాళ్ల ద్వారా వచ్చారు. కింది అంతస్తు చూశాను. గోడలు బాగున్నాయి, దూలాలు బాగున్నాయి. "పైన కూడా ఇంతేనండీ" అన్నారు. మధ్యాహ్నం ఎండ. కాఫీ తాగి సంతకం పెట్టాను. పైకెక్కలేదు.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో వంటపాక నుంచి లేచిన మంట పై అంతస్తు మీద వేసిన తాటాకు కప్పుకు అంటుకుంది. ఇరుకు మెట్లు. 94 మంది చిన్నపిల్లలు చనిపోయారు. మర్నాడు పేపర్లో ఆ కాలిన బెంచీల ఫొటో చూసి నేను మూడో బెంచీలో కూర్చున్నట్టే అయిపోయింది. ఆ ఆదివారం బస్సెక్కి ఆ పట్టణం వెళ్లాను. చెప్పకుండా పైకెక్కాను. డాబా మీద తాటాకు పాక. లోపల మూడు వరసల బెంచీలు. పక్కనే కిరోసిన్ పొయ్యి. దిగడానికి ఒకటే మెట్ల దారి, మూడడుగుల వెడల్పు. నేను సంతకం పెట్టిన రోజు అది అక్కడ ఉందో లేదో నాకు తెలియదు. తెలియకపోవడమే నా తప్పు.

నా ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. వాళ్లు వేరే ఇంజనీరు దగ్గర ఇంకోటి తెచ్చుకున్నారు. పాక మాత్రం తీసేశారు. ఆ నెలలో దక్షిణాదిన చాలా బళ్లలో తాటాకు కప్పులు తీసేశారు. నియమం పని చేసిందా, భయం పని చేసిందా అంటే భయమే. కానీ భయం ఒక ఏడాదే ఉంటుంది.

కుంభకోణం తర్వాత వేసిన వ్యాజ్యంలో, అవినాష్ మెహరోత్రా కేసులో, 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చదువుకునే హక్కులో క్షేమమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా జాతీయ భవన నిర్మాణ నియమావళిని పాటించాలని, మంటలార్పే పరికరాలు పెట్టాలని ఆదేశించింది. అదే ఏడాది విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి ఉపాధ్యాయుడికి కనీసం ఒక గది, వేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ప్రహరీ, నడవలేని పిల్లలకు అడ్డంకి లేని దారి ఉండాలని ఆ చట్టం షెడ్యూలు చెబుతుంది. 2016 ఫిబ్రవరిలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడి భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదని కేంద్రం నియమం చేసింది. గోడ పెచ్చులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుండే బడికి అది చిన్న సంగతి కాదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటీవల పెద్ద ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బళ్లకు మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, మరమ్మతులు, ప్రహరీలు చేపట్టారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి మొదలైంది. వీటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. తల్లుల ఖాతాల్లో వేసే 15,000 రూపాయల సాయంలోంచి మొదట 1,000, తర్వాత 2,000 రూపాయలు మరుగుదొడ్ల, బడి నిర్వహణకని పక్కన పెట్టారు. ప్రభుత్వం మారినా, పథకం పేరు మారినా ఆ పద్ధతి ఏదో ఒక రూపంలో కొనసాగింది. దాని మీద వాదాలున్నాయి, ఉండనివ్వండి. బడికి నిర్వహణ అనే ఖాతా ఒకటి ఉండాలని ఒప్పుకోవడమే పెద్ద అడుగు. కేంద్రం సమగ్ర శిక్ష కింద ఇచ్చే గ్రాంటు, మనలాంటి 250 మంది దాటిన బడికి ఏడాదికి 75,000. అందులోంచే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ప్రయోగశాల సామాను, కట్టడం మరమ్మతు అన్నీ.

ఇన్ని నియమాల తర్వాత కూడా 2025 జులై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు.

ఈ ఆగస్టులో

ఆ వార్త చదివిన మూడో రోజు మన బడికి ఫోన్ చేశాను. హెడ్మాస్టరు గారు నాకంటే పదేళ్లు చిన్నవారు. "రండి సార్, నేనే ఎవరినైనా అడుగుదామనుకుంటున్నాను" అన్నారు. ఆగస్టు మొదటి ఆదివారం నిచ్చెన తెప్పించి స్లాబు బ్లాకు ఎక్కాను. అరవై ఏళ్లకు దగ్గరపడిన ఆ కప్పు మీద రెండంగుళాల మట్టి, నాచు, మూడు రావి మొక్కలు. రెండు తూములు పూర్తిగా మూసుకుపోయి, నీళ్లు చెరువులా నిలిచాయి. కిందికి దిగి కప్పును సుత్తితో తట్టి చూశాను. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. మూడో గది, నాలుగో గది కప్పులు చాలాచోట్ల డొల్లగా పలికాయి. పైన చక్కటి రంగు. రంగు కింద సిమెంటు మెత్తు. మెత్తు కింద 1984 నాటి తుప్పు.

ఆ రెండు గదులకు ఆ రోజే తాళం వేశారు. నివేదిక రాసి, నా పేరు, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను. దాని నకలు జిల్లా పరిషత్‌కు వెళ్లింది. అది వారి ఆస్తి. కప్పు తీసి మళ్లీ వేయాలన్నా, బ్లాకే తీసేయాలన్నా వారి అనుమతి కావాలి. అది వచ్చేదాకా ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలు 71 మంది పాత హాల్లో కూర్చుంటున్నారు. హాలు కప్పు కూడా ఎక్కి చూశాను. తాత పోయాక ఎవరో ఒకరు అప్పుడప్పుడు చూస్తూనే ఉన్నట్టున్నారు. పడమటి తూము దగ్గర ఒక దూలం చివర చెద తగిలింది. ఆ ఒక్క దూలం మార్పిస్తే ఇంకో తరం నడుస్తుంది.

నా విన్నపం

మన సంఘం స్వర్ణోత్సవానికి బడి ముందు సిమెంటు ఆర్చి కట్టాలని తొమ్మిది లక్షలు పోగయ్యాయి. దాతల పేర్లు పాలరాతి మీద చెక్కిస్తామని చెప్పాం. సెప్టెంబరు సమావేశంలో ఆ డబ్బును కప్పు కోసం ఉంచుదామని నేనన్నాను. ఒక పెద్దాయన, నేను ఎంతో గౌరవించే మనిషి, "బాబూ, ఆర్చి మీద పేరుంటుంది. తూముల్లో మట్టి తీస్తే పేరెక్కడ రాస్తారు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన అన్నది నిజం. మన దేశపు బడి నియమాల చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. కట్టినవాడికి శిలాఫలకం ఉంది. ఏటా చూసినవాడికి ఏమీ లేదు. అందుకే కట్టేవాళ్లు దొరుకుతారు, చూసేవాళ్లు దొరకరు.

స్వర్ణోత్సవం రోజు మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఓటుకు వస్తుంది. నేను అడిగేది ఇది. ఆర్చి వాయిదా వేద్దాం. ఆ తొమ్మిది లక్షల్లో ముందు హాలు దూలం మార్పించి, మిగిలింది బ్యాంకులో డిపాజిట్ చేద్దాం. ఏటా వచ్చే వడ్డీ కప్పులు, తూములు, మరుగుదొడ్లు, కరెంటు వైర్లు, మంటలార్పే సిలిండర్లు వీటికే వాడదాం, వెల్లకు కాదు. మనలో ఇంజనీర్లం పదకొండు మందిమి ఉన్నాం. ఏడాదికొకరు వంతున పైకెక్కి చూసి, హెడ్మాస్టరు గారి దగ్గర ఉండే ఒక రిజిస్టరులో ఏం చూశామో రాసి, పేరు రాసి సంతకం పెడదాం. పెద్దాయన అడిగిన పేరు అక్కడ ఉంటుంది. ఏదైనా జరిగితే అడగడానికి కూడా ఆ పేరే ఉంటుంది. కాగితం మీద సంతకం పెట్టి పైకెక్కనివాడిగా ఈ రెండో సంగతి నాకు ముఖ్యం.

ఓటు ఎటు పోయినా నా వంతు ఒకటి చేసేశాను. స్లాబు బ్లాకు వెనక గోడకు ఇనప నిచ్చెన చేయించి బిగించాను. పిల్లలు ఎక్కకుండా కింద గేటు పెట్టించాను. తాళం హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంది. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటాక వస్తుంది. దానికి ముందు వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను అక్కడ ఉంటాను. చీపురు, గునపం, సున్నం నేనే తెస్తాను. వచ్చేవాళ్లు పాత బట్టలు కట్టుకుని రండి.